రెండు పసుపు క్రేన్లు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు చెబుతాను. నాకు ఇప్పటికీ వాటి మీద నమ్మకం లేదు. అయినా పోయిన ఏడాది మా నాయన సమాధి దగ్గర జరిగింది రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాకు పాత రోబో బొమ్మల పిచ్చి. మడతలు విప్పితే లారీ కాస్తా రోబో అయిపోయే బొమ్మలు, మా చిన్నప్పటివి. బీరువా నిండా ఉన్నాయి. ఒకే రకానివి రెండు దొరికితే పక్కపక్కన పెట్టి, భూతద్దంతో స్క్రూలు, అతుకులు, రంగు చూసి ఏది అసలో ఏది నకలో చెప్పేస్తాను. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఈ పిచ్చికి మూలం మా చెల్లెలు రూతు. ఒక క్రిస్మస్‌కి చర్చిలో పంచిన పార్సిల్లో దానికి పసుపు రంగు క్రేన్ వచ్చింది. విప్పితే రోబో. రెండు వారాలకే ఎడమ చెయ్యి ఊడింది. నాయన గొడుగు ఊచ ముక్క కోసి పిన్నుగా దిగ్గొట్టాడు. వీపు మీద మేకుతో ‘రూ’ అని గీశాడు. చివర్లో మేకు జారి పొడుగ్గా గీత పడింది.

ఏడేళ్లకే రూతు జ్వరంతో పోయింది. పెట్టె మూసే ముందు ఆ బొమ్మని దాని కుడిచేతి పక్కన పెట్టింది నేనే.

రెండేళ్ల కిందట ఉదయగిరిలో పాత సామాను కొట్లో ఒక పసుపు క్రేన్ కనిపించింది. తిప్పి చూస్తే గొడుగు ఊచ పిన్ను. వీపు మీద ‘రూ’, జారిన గీత. ఎక్కడిదని అడిగాను.

"గోతాంలో వచ్చినాది సార్. ఎవరిచ్చినారో ఏం గుర్తుంటాది?" అన్నాడు కొట్టాయన.

తెచ్చి నాయన చేతికిచ్చాను. బొటనవేలితో ఆ గీతని చాలాసేపు తడిమాడు.

"ఇది బిడ్డదేరా. నా చేతిపని నాకు తెలీదా?"

"దాంతోనే పూడ్చినాం గదా నాయనా?"

"నేను పోతే నన్ను దాని గుంటలోనే పెట్టండి. అప్పుడు దీన్ని దానికిచ్చెయ్. మర్చిపోబాక."

ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే.

మా వైపు ఇంటివాళ్లని పాత సమాధిలోనే పెట్టే అలవాటు ఉంది. నాయన పోయిన మర్నాడు పొద్దున రూతు సమాధి తవ్వించాం. పెట్టె చెక్కంతా మట్టిలో కలిసిపోయింది. మిగిలిన ఎముకలని తెల్లగుడ్డలోకి తీస్తూ తవ్వే అతను చెయ్యి పైకి చాపాడు.

"అన్నా, ఇక్కడేందో బొమ్మ ఉండాది."

పసుపు క్రేన్. ఉదయగిరిలో కొన్నది అప్పటికి నా సంచిలోనే ఉంది.

బకెట్లో ముంచి కడిగాను. ముప్పై ఏళ్లకు పైగా మట్టిలో ఉన్న పిన్నుకి తుప్పు లేదు. సంచిలోదాన్ని తీశాను. నా చేతి మట్టి దానికీ అంటింది, దాన్నీ కడిగాను. రెంటినీ తువ్వాలు మీద పెట్టాను. అదే పిన్ను. అదే ‘రూ’. అదే జారిన గీత. నా భార్య పక్కనే ఉంది, తనూ చూసింది. అలవాటు కొద్దీ తిప్పాను, విప్పాను, మళ్లీ మడిచాను. తల ఎత్తేసరికి ఏది గుంటలో దొరికిందో, ఏది కొన్నదో నాకే తెలియలేదు.

"ఎండెక్కతా ఉండాది, కానియ్యండి" అన్నారు పాస్టరు గారు.

రెండూ పెట్టేస్తే సరిపోయేది. కానీ ఒకటి ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా పోల్చి చూడాలనిపించింది. నాయన పెట్టె ముందు నిలబడి నాకొచ్చిన ఆలోచన అది. సిగ్గుగా ఉంది. చేతికి దొరికినదాన్ని ఆయన పక్కన, రూతు ఎముకల మూట మీద పెట్టాను, రెండోది సంచిలో వేసుకున్నాను.

అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది. భూతద్దంతో ఎన్నిసార్లు చూశానో. నాయన బాగుచేసిన ఒక్క బొమ్మ రెండెలా అయిందో నేను చెప్పలేను. ఆ చిక్కునైనా ఎలాగో వదిలేయగలను. నాయన ఇమ్మన్నది రూతుకి ఇచ్చానో, నా దగ్గరే ఉంచేసుకున్నానో, అది మాత్రం తెలియడం లేదు.