రేపు పిల్లలను లేపకుండ్రి

నిన్న పొద్దున బావ ఫోన్ చేసిండు.

"మీ అక్క పోయింది రా."

అంతే అన్నడు. స్టవ్ మీద పాలు పొంగి కింద పడుతున్నా ఆపాలని తోచలేదు నాకు.

ఇది వస్తదని మాకు తెలుసు. దసరా నుంచి డాక్టర్లు చెప్తనే ఉన్నరు. 

తర్వాత వచ్చిన మొదటి ఆలోచన ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

మొన్ననే టెన్త్ పరీక్షలు అయిపోయినయి.

అప్పుడు ఊపిరి వచ్చింది.

తెలియనోళ్ల కోసం చెప్తున్న. సుజాతక్క మా సొంత అక్క. లాలాగూడలో ఒక హైస్కూల్ ఆఫీసులో పనిచేసేది. పేరెంట్స్‌లో చానామంది ఆమె ముఖం చూసి ఉండరు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. శనివారం సాయంత్రం పేరెంట్స్ గ్రూప్‌ల ఆమె వాయిస్ మెసేజ్ వచ్చేది.

"నేను ఆఫీసు సుజాతను మాట్లాడుతున్న. సోమవారం వైట్ డ్రెస్. ఇస్త్రీ ఆదివారమే చేసి పెట్టుకోండ్రి. సోమవారం కరెంటు పోతే నన్ను తిట్టొద్దు."

మధ్యల స్కూలోళ్లు ఒక యాప్ పెట్టిండ్రు. ఇగ అన్నీ అందుల రాతలోనే వస్తయన్నరు. మొదటి వారమే గ్రూప్ ఫోటో. వైట్ డ్రెస్ వేసి పంపమని యాప్‌ల పెట్టిండ్రు. సగం మంది పిల్లలు మామూలు యూనిఫామ్‌లోనే వచ్చిండ్రు.

ప్రిన్సిపాల్ అడిగితే ఒక తల్లి అన్నదట, "మెసేజ్ వచ్చింది సార్. కానీ సుజాత మేడం చెప్పలే కదా. ఉట్టిదే అనుకున్నం."

మళ్లీ అక్కకే అప్పజెప్పిండ్రు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా నవ్వేది. జెర గర్వం సుత ఉండేది.

మంచం పట్టినంక సుత రికార్డ్ చేసేది. దగ్గు వస్తే ఆపి, మళ్లీ మొదటి నుంచి చెప్పేది. "వేరేటోళ్లు చెప్తరు లే, పండుకో" అని బావ అంటే, "వాళ్లు చెప్తే వీళ్లు ఇంటరా?" అనేది.

టెన్త్ పిల్లల ఇండ్లకు ఆమె పెట్టిన రూల్ ఒకటి ఉంది. పరీక్షల ముందు ఆదివారం సెంటర్‌కు పోయి చూసి రావాలె. గేటు ముందు పిల్లలను నిలబెట్టి ఫోటో తీసి గ్రూప్‌ల పెట్టాలె.

ఈసారి పండుకొనే ఒక్కొక్క ఫోటో చూసింది. నేను పక్కనే ఉన్న. ఉన్నట్టుండి యాదగిరికి ఫోన్ కలపమన్నది. యాదగిరి ఆటో నడుపుతడు. వాళ్ల బిడ్డది సుత టెన్తే.

"యాదగిరన్నా, ఎక్కడికి పోయి వచ్చినవ్?"

"సెంటర్‌కే మేడం. ఆటో నడిపేటోన్ని, సికింద్రాబాద్‌ల నాకు తెల్వని గల్లీ ఉందా?"

"గల్లీలు తెలుసు గని, ఫోటోల నీ బిడ్డ తల మీద ఉన్న బోర్డు సదివినవా?"



సెంటర్ పడ్డ స్కూల్‌కు అదే పేరుతో రెండు బ్రాంచ్‌లు ఉన్నయి. హాల్ టికెట్ మీద రాంగోపాల్‌పేట్. ఫోటోల బోర్డు మీద కాప్రా.

"ఇప్పుడే పోతున్న మేడం."

"పోయి ఇంకో ఫోటో పెట్టు. ఈసారి బోర్డు సదివినంకనే తియ్యి."

ఫోన్ పక్కన పెట్టి నా దిక్కు చూసింది.

"తమ్మీ, పరీక్షల నడుమ నేను పోతే దివ్యకు చెప్పకు. ఆఖరి పేపర్ రాసినంకనే చెప్పు."

దివ్య నా బిడ్డ. అదే స్కూల్, అదే టెన్త్. సగం పెరిగింది వాళ్ల అత్తమ్మ, అంటే అక్క ఇంట్లోనే.

సరే అన్న. ఆ మంచంల ఉన్న మనిషితోని ఇంకేం అంటం. కానీ నాతోని కాదని నాకు తెలుసు. అక్కను బయట పండుకోబెట్టి ఉంటే, నేను పిల్లను బండి ఎక్కించుకొని, అత్తమ్మ మంచిగనే ఉందని చెప్పుకుంట పోవాలె. ఆఖరి చూపు సుత ఎందుకు లేకుంట చేసినవని తర్వాత అది అడగదా?

పరీక్ష ఉన్న రోజల్లా పిల్లను గేటు కాడ దింపంగనే ఫోన్ చూసుకునేటోన్ని, బావ చేసిండా అని.

అక్కకు నొప్పి పెరిగింది. ఇంజెక్షన్ ఇస్తేనే నిద్ర పట్టేది. ఈ తక్లీఫ్ తొందరగ తీరిపోతే బాగుండు అనుకునేటోన్ని. ఇప్పుడే వద్దు అని సుత అనుకునేటోన్ని.

మొన్న ఆఖరి పేపర్. దివ్య సెంటర్ నుంచి అటునుంచి అటే అత్తమ్మ దగ్గరికి పోయింది. పేపర్ తీసి చూపించింది. అక్క పేపర్ చూడలేదు. పిల్ల చెయ్యి పట్టుకొని, "తిన్నవా?" అని అడిగింది.

సాయంత్రం గ్రూప్‌ల మెసేజ్ వచ్చింది. గొంతు సగమే ఉంది.

"నేను ఆఫీసు సుజాతను మాట్లాడుతున్న. పరీక్షలు అయిపోయినయి. రేపు పిల్లలను లేపకుండ్రి. వాళ్లంతట వాళ్లు లేచే దాకా పండుకోనియ్యుండ్రి."

బావ ఫోన్ వచ్చినప్పుడు దివ్య నిద్రల ఉంది. మా ఆవిడ లేపబోతే నేను వద్దన్న. అక్కను తీసుకపోయేది మధ్యాహ్నం తర్వాతనే. టైం ఉంది.

అదే లేచి బయటకు వచ్చింది. అప్పుడు చెప్పిన. ఉన్న మాటే చెప్పిన.

ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కొని వచ్చి బండి ఎక్కింది.

మేము పోయేసరికి యాదగిరి అక్కడే ఉన్నడు. స్టేషన్ నుంచి చుట్టాలను ఆటోల తెస్తున్నడు. "మేడం లేకుంటే బిడ్డను కాప్రాల దింపేసి, ధీమాగ చాయ్ తాగుకుంట కూసునేటోన్ని" అన్నడు. కండ్లు తుడుచుకుంటనే నవ్విండు. బావ సుత నవ్విండు.

అక్క ముఖంల నొప్పి లేదు. చాన రోజుల తర్వాత అట్ల చూసిన.

ఈ శనివారం మెసేజ్ రాదు. బోర్డులు ఇగ మేమే సదువుకుంటం.

నిమ్మళంగ పండుకో అక్కా. నిన్ను ఎవరం లేపం.