పద్నాలుగు బెల్టులు, ఒక హ్యాండిల్

మా ఆయన నడిపేది ట్రైలరు. పక్కలకు గోడలు, పైన కప్పు లేకుండా బల్లపరుపుగా ఉండే పొడవాటి బండి. ఇనుప పైపులు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు దాని మీద వెళతాయి. సరుకు కదలకుండా పసుపుపచ్చ బెల్టులతో బిగించి కడతారు. కట్టడం ఒక పనైతే, సరుకు దించాక వాటిని మళ్లీ చుట్టలు చుట్టడం ఇంకో పని. ఒక్కో బెల్టు ముప్పై అడుగులుంటుంది. చుట్టకుండా పడేస్తే ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, మట్టి పట్టి, తర్వాతి లోడుకు పనికిరాకుండా పోతాయి. ఇరవై ఏళ్లుగా ఆయన వాటిని చేత్తోనే చుట్టాడు.

ఈ సంగతులేవీ నాకు నిరుడు దాకా తెలియవు. అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ వెనక సందులో నాకు చీరలకు ఫాల్స్ కుట్టే చిన్న షాపు ఉంది. పొద్దున షట్టరు ఎత్తితే సాయంత్రం దాకా తల ఎత్తే తీరిక ఉండదు. ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో ఫోన్‌లో అడగడమే తప్ప, బండి మీద ఏం చేస్తాడో ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు అన్నం తింటూ, ముద్ద కలపలేక చెయ్యి ఆపేశాడు.

“ఏమైంది?” అన్నాను.

“ఏం కాలే. జర గుంజినట్టయితుంది.”

చెయ్యి లాక్కుని చూస్తే మణికట్టు మీద, బొటనవేలి వైపు, ఉసిరికాయంత వాపు. రెండు నెలల నుంచీ ఉందట. చెబితే బండి దిగమంటానని దాచాడు. నాకు కోపం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. అన్నం గిన్నె మీద మూత పెట్టి, మర్నాడు పంజాగుట్టలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ గుంటూరు వైపు మనిషి. ఏదీ తొందరపడి చెప్పే రకం కాదు.

“స్టీరింగ్ వల్ల వచ్చిందనుకుంటున్నారా?” అని ఆయన్ని అడిగింది.

“అంతే గద మేడమ్. ఇరవై ఏండ్ల సంది తిప్పుతున్న.”

“స్టీరింగ్ కాకుండా ఆ చేత్తో ఇంకేం పని చేస్తారండీ?”

ఆయన బల్ల మీదున్న గుడ్డ పట్టీని పూర్తిగా విప్పి, బెల్టును ఎలా చుడతాడో చేసి చూపించాడు. నాలుగు చుట్లు తిరిగేసరికి ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“ఇదేంటండీ! ఇలా రోజుకెన్నిసార్లు తిప్పుతారు? నరం వాచింది దీనికే. ఆరు వారాలు మణికట్టును ఇలా మెలి తిప్పొద్దు. పట్టీ వేసుకోండి. తగ్గకపోతే ఇంజెక్షన్ ఇద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషనే.”

బయటికొచ్చి మెట్రో మెట్ల దాకా నడిచాం. అక్కడ ఆగి, “ఆపరేషన్ అంటే మా ఓనర్ సేటు బండి వేరేటోనికి ఇస్తడు. ఒక్కసారి ఇచ్చిండంటే మళ్ల నా చేతికి రాదు,” అన్నాడు. ఆ రోజు రెండు చీరలకు ఫాల్స్ తిరగేసి కుట్టాను.

మా షాపులో లేసు విడిపోతే చుట్టుకోవడానికి గోడకు ఒక చిన్న హ్యాండిల్ ఉంది. ఆయన్ని ఒక బెల్టు తీసుకురమ్మని దానికి చుట్టి చూశాను. రెండు చుట్లకే హ్యాండిల్ మేకుతో సహా ఊడి, ఇంత సున్నం పెళ్ల కింద పడింది. అది చూసి ఆయన పడీపడీ నవ్వాడు. వారం రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ బెల్టునే మోసుకుని మా సందు చివర కిటికీలకు గ్రిల్లులు చేసే వెల్డింగ్ భాయ్ దగ్గరికి పోయాను.

“భాయ్, గీ బెల్టును చుట్టే హ్యాండిల్ కావాలె. బండి అంచుకు తగిలించాలె. తిప్పేటోని మణికట్టు మాత్రం మెలి పడొద్దు,” అన్నాను.

భాయ్ బెల్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఫికర్ మత్ కరో భాభీ. రెండు రోజులు ఇయ్యి,” అన్నాడు.

మొదట చీలిక ఉన్న ఒక ఇనుప కడ్డీ చేశాడు. బెల్టు కొస ఆ చీలికలో దూర్చి హ్యాండిల్ తిప్పితే చకచకా చుట్టుకుంది. కానీ ఎంత గట్టిగా పట్టుకుందంటే, ముగ్గురం కలిసి లాగినా చుట్ట కడ్డీ నుంచి ఊడి రాలేదు. భాయ్ తిట్టుకుంటూ ఆ కడ్డీని కోసేసి, రెండు సన్నటి ఊచలు పక్కపక్కన పెట్టి, కొసల వైపు కాస్త దగ్గరగా వచ్చేట్టు అతికించాడు. ఈసారి చుట్టి లాగితే గాజు తీసినంత సులువుగా వచ్చేసింది.

మా ఆయన మాత్రం దాన్ని తీసుకెళ్లి సీటు కింద పడేశాడు. “పిల్లలాట లెక్కున్నది. డ్రైవర్లు నవ్వుతరు,” అన్నాడు. ఎడమచేత్తో చుట్టుకుంటున్నానని చెప్పేవాడు. రాత్రికి కుడిచేతి పట్టీ మీద బెల్టు మురికి నాకు కనిపిస్తూనే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున పంజాగుట్టలో కొత్తగా కడుతున్న బిల్డింగుకు జనరేటరు తెచ్చాడు. తొమ్మిదింటి వరకే రోడ్డు మీద బండి ఆపుకోవడానికి అనుమతి. ఒక్క స్టేషనే కదా అని నేను ఇడ్లీ డబ్బా పట్టుకుని వెళ్లాను. క్రేను ఆలస్యంగా వచ్చింది. జనరేటరు దిగేసరికి తొమ్మిదికి ఇరవై నిమిషాలే ఉంది. పద్నాలుగు బెల్టులు రోడ్డు మీద చిందరవందరగా పడున్నాయి. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి.

“అన్నా, జల్ది! మా సారు వస్తుండు. తొమ్మిదికి రోడ్డు ఖాళీ కావాలె,” అని ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ వేశాడు.

మా ఆయన ఒక బెల్టు అందుకుని రెండు చుట్లు తిప్పాడు. ముఖం ముడుచుకుపోయి బెల్టు చేతిలోంచి జారిపోయింది. నావైపు చూశాడు. నేను డబ్బా కింద పెట్టి, క్యాబిన్ ఎక్కి, సీటు కింద నుంచి ఆ హ్యాండిల్ తీసుకొచ్చాను.

“నవ్వేటోళ్లెవరన్న ఉన్నరా ఈడ?” అన్నాను.

ఆయన దాన్ని తీసుకుని బండి అంచుకు తగిలించాడు. ఆయన తిప్పుతుంటే నేను పాత గుడ్డతో బెల్టును పట్టుకుని, ఇసుక తుడుస్తూ వదిలాను. చెయ్యి భుజం దగ్గర్నుంచి గుండ్రంగా తిరుగుతోంది. మణికట్టు నిటారుగా ఉంది. మొదటి చుట్ట వంకరగా వచ్చింది. రెండోది సాపుగా వచ్చింది. నాలుగోదానికి కానిస్టేబుల్ విజిల్ జేబులో పెట్టుకుని, తనే బెల్టులు లాగి అందించడం మొదలుపెట్టాడు. ఆఖరి చుట్ట బండికున్న సామాన్ల పెట్టెలో వేసేసరికి తొమ్మిదికి ఇంకా మూడు నిమిషాలుంది.

క్రేను నడిపేటతను దిగొచ్చి, “ఇది యాడ దొరుకుతది అన్నా?” అని అడిగాడు.

“దొరకది. మా ఇంటామె చేయించింది,” అన్నాడు మా ఆయన. ఆ మాట అంటుంటే ఆయన గొంతులో ఉన్న గర్వం నేనింతకు ముందు వినలేదు.

ఆ రోజు నుంచి బెల్టులన్నీ దాంతోనే చుట్టాడు. ఆరు వారాలు నిండాక డాక్టరమ్మ, హ్యాండిల్ సంగతంతా విని, ఆయన బొటనవేలిని పిడికిట్లోకి మడిపించి, మణికట్టును కిందికి వంచింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

“నొప్పి లేదా?”

“లేదు మేడమ్.”

“అయితే ఇంజెక్షనూ వద్దు, ఆపరేషనూ వద్దండీ. ఆ చుట్టే సామాను మాత్రం వదలకండి.”

“పక్కానా మేడమ్?” అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆవిడ నవ్వి, రెండుసార్లూ అవునంది.

కిందికి దిగుతూ నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆయనా పక్కన కూర్చున్నాడు. “ఏడుస్తున్నవా?” అన్నాడు.

“లే. మస్తు నిద్రొస్తుంది,” అన్నాను.

నిజంగానే వచ్చింది. ఆ రోజు షాపు తెరవలేదు. ఇంటికొచ్చి చాప మీద ఒరిగితే, మళ్లీ కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది.