ఊపిరి తీసేసిన అధ్యాయం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది కార్తికంలో ఏలూరులోని ఒక ఆడియో పుస్తకాల స్టూడియోలో సీనియర్ ఎడిటర్‌గా చేరాను. తర్వాత వినికిడి తగ్గి, యాభై మూడో ఏట ఆ పని మానేశాను. అక్కడ నేను ఎడిట్ చేసిన మొదటి పుస్తకం పాత ఫ్రెంచి నవలకు తెలుగు అనువాదం. బట్టలుతికి బతికే ఒక స్త్రీ పేదరికంలోకి జారి, చివరికి ఆకలితో చనిపోతుంది. రచయిత దేన్నీ దాచడు, దేనికీ మెరుగు పెట్టడు.

చదివింది అన్నపూర్ణ గారు. పెంటపాడులో రిటైరైన తెలుగు టీచరు. తాడేపల్లిగూడెంలో రైలెక్కి వచ్చేవారు. మైకులో చప్పుడు రాకూడదని గాజులు తీసి చేతిరుమాలులో చుట్టి పెట్టేవారు.

మా పద్ధతిలో చదువులోని తప్పుల్నీ చప్పుళ్ళనీ ఎడిటర్ తీసేశాక, హైదరాబాదులో ప్రచురణకర్తలు విని ఒప్పుకోవాలి. వాక్యాల మధ్య ఊపిరి కూడా మాకు చప్పుడే. కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే అధ్యాయం మొత్తంలో పోతుంది. ఆ సంగతి ఆమెకు నచ్చలేదు.

"ఏవండీ, తిండి లేని మనిషి ఆయాసపడకుండా ఎలా మాట్లాడుద్దండీ?"

అది నిబంధన అన్నాను.

"అయితే ఆ మిషన్నే కూర్చోబెట్టి చదివించండి. దానికి టీ కూడా ఇవ్వక్కర్లేదు."

చివరి అధ్యాయంలో ఆ స్త్రీ ఆయాసాన్ని ఆమె కావాలనే చదివారు. నేను అలవాటు కొద్దీ మీట నొక్కి, తిరిగి వినకుండా పంపేశాను. 'చదువులో ప్రాణం లేదు' అని వెనక్కి వచ్చింది. అప్పుడు ఏమీ తీసేయకముందున్న ముడి రికార్డింగ్ విన్నాను. ప్రాణమంతా అందులోనే ఉంది.

వెనక్కి వచ్చిన దానికి ఒక ఫారం నింపాలి. అందులో కారణం అనే గడి ఉంటుంది. ఆ నెలలోనే స్టూడియో ఇన్‌చార్జి పోస్టుకు నా పేరు పరిశీలనలో ఉంది. ఆ గడిలో 'చదివినవారి లోపం' అని రాశాను. పుస్తకం మొత్తం వేరే గొంతుకు వెళ్ళిపోయింది. ఆమెకు ఫోన్లో చెబితే, "మాది పల్లెటూరి గొంతు లెండి" అని పెట్టేశారు. ఆ తర్వాత ఏ స్టూడియోకీ వెళ్ళలేదని విన్నాను. తిరస్కరించిన రికార్డింగ్‌ను మూడు నెలలకు చెరిపేయాలి. అదీ నా చేత్తోనే చేశాను. పోస్టు నాకే వచ్చింది.

ఉద్యోగం మానేశాక పెంటపాడు వెళ్ళి ఆమెకు జరిగింది చెప్పాను.

"ఇప్పుడైనా చెప్పారు, సరేనండి. మరి నా చదువు ఏదండీ?"

నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు.

ఈ పనిలోకి వచ్చేవారు, శుభ్రం చేసినదాన్ని ముడి రికార్డింగ్ పక్కన పెట్టి ఒకసారి వినాలి. వినకుండా ఎవరి లోపమనీ రాయకూడదు. నేను విన్నాక కూడా రాశాను. ఆ ఫారంలో ఉండాల్సింది 'ఎడిటర్ లోపం'.