బావగారి విల్లు, నా మేకు

మా బావగారు పోయారని అక్క ఫోన్ చేసేటప్పటికి నేను చేపల చెరువు గట్టు మీద నిలబడి, చేపల్ని మింగేసే నీటికాకుల్ని తిడుతున్నాను. తిట్టడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. నా విల్లు ఏడు నెలలుగా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో చెబితేగాని ఆయనెలాంటి మనిషో మీకు తెలియదు. చెబితే నా పరువు కొంత పోతుంది. పోనివ్వండి.

వాళ్ల చెరువూ మా చెరువూ ఒకే గట్టుకి అటూ ఇటూ. ఆయన చేసే విల్లుకి బాణాలుండవు. నారి రెండు పేటలుగా ఉంటుంది. నడుమ చిన్న అల్లికలో ఎండిన మట్టి ఉండ పెట్టి లాగి వదలాలి. వదిలేటప్పుడు విల్లు పట్టిన మణికట్టు కాస్త పక్కకి తిప్పకపోతే ఉండ వచ్చి మన బొటనవేలికే తగులుతుంది. నాకు రెండుసార్లు గోరు ఊడింది.

"కాకిని బెదిరించమన్నాను గాని, నిన్ను నువ్వు కొట్టుకోమన్లేదు బామ్మర్దీ" అనేవారు.

ఆయన మాత్రం ఏ పిట్టనీ కొట్టలేదు. దాని పక్కన నీళ్లలో కొట్టి లేపేవారు. గురి లేదని ఒప్పుకోవచ్చుగా అంటే, "దానికీ ఇంటిదగ్గర పిల్లలుంటాయి" అనేవారు.

ఒక్కో విల్లుకి నెల పట్టేది. తాటిమొద్దు చేవలోంచి బద్ద తీసి, కత్తితో చెక్కి, ఆఖర్న పగిలిన సీసా పెంకుతో గీకేవారు. కాస్త గీకడం, నారి కట్టి నన్ను లాగమనడం, పదడుగులు వెనక్కెళ్లి ఒంటికన్నుతో చూడడం. పిడికి పైనా కిందా ఉన్న రెండు రెక్కలూ ఒక్కలా వంగాలి. "కింది రెక్క మొండిగా ఉంది బామ్మర్దీ, అచ్చం నీలాగే" అని మళ్లీ గీకేవారు. "ఆ గీకుడేదో కొబ్బరిచిప్ప మీద గీకితే పచ్చడన్నా అయ్యేది" అని అక్క లోపల్నుంచి అరిచేది. ఆయన తొణికేవారు కాదు. "చెక్కేసిన కర్ర తిరిగి రాదు. కత్తికంటే కన్ను ఎక్కువ పని చెయ్యాలి" అనేవారు.

నా విల్లు ఇచ్చినప్పుడు ఒకటే షరతు పెట్టారు. పనవగానే నారి దించెయ్యాలి. ఎక్కించి వదిలేస్తే కర్ర ఆ వంపుకే అలవాటుపడి చచ్చిపోతుందట. నేను దించలేదు. రోజూ ఎక్కించే బాధ ఎవడు పడతాడు? వానల్లో అలాగే పాకలో వేలాడదీశాను. ఓ పొద్దున లాగితే పిడి దగ్గర ఫట్‌మని పగిలింది.

నేను చెయ్యలేని పనా అని రెండంగుళాల మేకు తెచ్చి దిగ్గొట్టాను. వేలెడు పగులు జానెడైంది. దాని మీద నైలాన్ తాడు చుట్టేసి ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన తాడు విప్పి మేకు తల మీద వేలు పెట్టారు.

"ఈ మేకెవరు కొట్టేరు?"

"మా కాపలావాడండి."

"వాడు సంక్రాంతికే మానేశాడు కదా?"

"పోయేముందు కొట్టేడేమోనండి."

"అప్పటికి విల్లు పగల్లేదు కదా. పగులుతుందని ముందే తెలిసి కొట్టేడా?"

"తెలివైనవాడండి."

"ఆయ్" అన్నారు బావగారు. "కొట్టింది నేనేనని నీ నోటితో ఒక్కసారి అను. పట్టుకుపోదువుగాని. అందాకా ఇదిక్కడే ఉంటుంది."

మా ఇంటావంటా తప్పు ఒప్పుకున్నవాడు లేడు. తలెగరేసుకుని వచ్చేశాను.

ఆయన ఇరవై రోజుల్లో బాగుచేశారు. మేకు పీకి, ఆ కన్నంలో తాటిచేవ చీల దిగేసి, పగుల్లో జిగురు నింపి, సన్నదారం సందులేకుండా చుట్టారు. వంపుకి అలవాటుపడి చచ్చిన రెక్కని పొయ్యి సెగ మీద కాచి దారికి తెచ్చారు. ఇవన్నీ నాకు అక్క చెప్పింది. ఆ విల్లుతోనే ఆయన తన చెరువు మీది నీటికాకుల్ని లేపేవారు. అవి లేచి తిన్నగా నా చెరువులో దిగేవి. అటునుంచి కేక వచ్చేది:

"విల్లు బెమ్మాండంగా ఉంది బామ్మర్దీ! ఒక్క మాటే!"

నేను రాళ్లు విసిరేవాణ్ణి. చేపలు పోతే పోయాయి గాని మాట మాత్రం రాలేదు.

కిందటి నెల ఆయన్ని రామచంద్రపురం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. ఇక లాభం లేదన్నారు. ఈసారి చెప్పెయ్యాలనే మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి చుట్టాలున్నారు. రెండోసారి నిద్రపోతున్నారు. మూడోసారి ఆయన ఒక్కరే ఉన్నారు, మెలకువగానే ఉన్నారు.

"ఏదో చెబుదామని వచ్చినట్టున్నావు?" అన్నారు.

"చేపల రేటు పడిపోయిందండి" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని నవ్వారు. "ఆయ్. పడిపోద్ది మరి" అన్నారు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి.

ఫోను రాగానే వెళ్లాను. వసారాలో పడుకోబెట్టారు. జనం ఉన్నారు. తల దగ్గర కూర్చుని, చెవిలోకి వంగి, ఎవరికీ వినపడకుండా అన్నాను. "మేకు నేనే కొట్టేనండి బావగారూ."

అక్క ఏడుపాపి నాకేసి చూసింది.

"ఆ చెవి వినపడక రెండేళ్లయిందిరా. ఇటొచ్చి చెప్పు" అంది.

లేచాను. కూర్చున్న ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఆయన పాదాల వైపునుంచి చుట్టు తిరిగి వచ్చి కుడిపక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గడ్డానికి కట్టిన గుడ్డని అక్క చెవి మీంచి కాస్త పక్కకి తొలగించి పట్టుకుంది. ఈసారి గట్టిగానే చెప్పాను.