బోరు నీళ్లు తాగిన చైనా ట్రాక్టరు

హిందూపురంలో ట్రాక్టర్ల షాపు ముందర చైనా ట్రాక్టరును మొదటిసారి చూసినప్పుడు నేను టైర్లు చూడలేదు, రంగు చూడలేదు. బోల్టులు చూశాను. ఇంజను మూతకు ఉన్న ఆరు బోల్టుల్లో ఐదు ఒక తీరు, ఆరోది వేరే తీరు. ఎందుకని అడిగాను. షాపు యజమాని టీ గ్లాసు పక్కన పెట్టి, "ఏమప్పా, పెండ్లిచూపులకొచ్చి పిల్ల నోట్లో పండ్లు లెక్కపెడతాండావే" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మాది పెనుకొండ పక్కన పల్లె, ఐదెకరాల ఎర్ర నేల. వాన పడితే వేరుశనగ విత్తడానికి పదును మూడు రోజులు ఉంటుంది. నాలుగో రోజుకు పైమట్టి గట్టిపడిపోతుంది. మా జత ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయాక, ఊర్లో ఉన్న ఒక్క పెద్ద ట్రాక్టరు కోసం దాని యజమాని వాకిట్లో నిలబడాల్సి వచ్చేది. రెండేళ్లు వరుసగా మా వంతు నాలుగో రోజే వచ్చింది. కావాలనే అలా చేశారని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చివరికి నాయన మిగిలిన ఎద్దును అమ్మేసి, చిన్నదైనా సొంతది ఉండాలని ఆ చైనా బండి కొన్నాడు. బోల్టు సంగతి చెబితే, "బోల్టు కోసం బండి వదులుకుంటామా" అన్నాడు.

తోలిన మొదటి రోజే ఇంజను మీద నుంచి పొయ్యి మీది ఎసరులా ఆవిరి లేచింది. మాకు తెలిసిన ట్రాక్టర్లలో నీళ్లు ఉడికాయంటే ఇంజను పోయినట్టే. వెంటనే ఆపేసి, మరుసటి రోజు బస్సెక్కి హిందూపురం పోయాను. షాపాయన కూర్చోమనలేదు. ఈ ఇంజనుకు రేడియేటరు లేదని, పైన ఉన్నది ఉత్త నీళ్ల తొట్టి అని, అందులో నీళ్లు ఉడకడమే దాని పద్ధతి అని చెప్పాడు. తొట్టిలో తేలే ఎర్ర బుడిపె కిందికి దిగినప్పుడల్లా మళ్లీ పోయాలట. చెరువు నీళ్లు బురదగా ఉంటాయి, అవి మాత్రం పోయొద్దన్నాడు. ఆ మాటలే కాగితం మీద రాసిమ్మన్నాను. ఒక పుస్తకం నా చేతిలో పెట్టాడు. అంతా చైనా అక్షరాలు. ఒక బొమ్మలో ఎవరో బకెట్టుతో నీళ్లు పోస్తున్నారు. ఏ నీళ్లో బొమ్మ చెప్పదు కదా.

మా బోరు నీళ్లు అద్దంలా ఉంటాయి. వాటినే పాత పంచెతో వడగట్టి పోశాను. రోజుకు నాలుగైదు బిందెలు తాగేది ఆ బండి. నా అనుమానమంతా వేరే వాటి మీద ఉండేది. బెల్టు జారేది, ఆయిలు కారేది, బండి గుంతలో పడగానే ఒక లైటు ఊడి చేతికొచ్చింది. అయినా బయటి మెకానిక్కును దగ్గరికి రానివ్వలేదు. బయటివాళ్లు విప్పితే గ్యారంటీ పోతుందని షాపాయన రెండుసార్లు చెప్పాడు. నేను ఎప్పుడు తప్పు చేస్తానా అని ఆయన కాచుకొని ఉన్నాడని నాకు అర్థమైంది.

మరుసటి ఏడు మంచి పదును పడింది. మొదటి రోజు దున్నడం అయిపోయింది. రెండో రోజు పొద్దున విత్తనం మొదలుపెట్టాం. నాలుగు సాళ్లు తిరిగేసరికి ఇంజను ఒకటే దడదడమని కొట్టుకొని బిగుసుకుపోయింది. హ్యాండిలు వేసి ఇద్దరం తిప్పినా కదల్లేదు. ధర్మవరంలో పంపుసెట్లు బాగుచేసే భాయిని పిలుద్దామన్నాడు నాయన. వద్దన్నాను. పక్క చేని ఆయన ఎద్దులు ఖాళీగా ఉన్నాయి, అడుగుదామన్నాడు. అదీ వద్దన్నాను. గట్టు దగ్గర ఒక సాలు మా నేల కలుపుకొని, పదిమందిలో నన్నే దొంగ అన్న మనిషి ఆయన. ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి నేను హిందూపురం బస్సెక్కాను.

షాపాయన మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చోబెట్టాడు. తర్వాత వచ్చి, నీళ్లు లేకుండా తోలి ఉంటావన్నాడు. మెకానిక్కును ఎల్లుండి పంపుతానన్నాడు. ఎల్లుండికి పదును ఉండదన్నాను. "అయితే వాననే ఎల్లుండి రమ్మని చెప్పాల్సింది" అన్నాడు. ఆ మాటా రాసిమ్మన్నాను. షట్టరు దించి భోజనానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం చేనికి తిరిగి వచ్చేసరికి నాయన నా మాట దాటి భాయిని పిలిపించేశాడు. ఇంజను మూత విప్పి గుడ్డ మీద పెట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది. భాయి అదేమీ పట్టించుకోకుండా నా చెయ్యి పట్టి తొట్టిలో పెట్టించాడు. లోపలంతా వేలు మందాన తెల్లటి సున్నం, రాయిలా గట్టిగా.

"రేడియేటరు బండికి ఒకసారి పోసిన నీళ్లే తిరుగుతాంటాయప్పా. దీంట్లో నీళ్లు ఆవిరై పోతాండాయి, సున్నం ఆడే నిలబడతాండాది. ఆ పొర వేడిని బయటికి పోనీక ఇంజను బిగుసుకుపోయె. వాన నీళ్లు పట్టి పోసింటే ఈ కత లేదు" అన్నాడు.

ఆ సంగతి ఎవరు చెప్పాలని అడిగాను.

"షాపాయనే చెప్పాల. అయినా మీ ఇంట్లో నీళ్లు కాచే బిందె లోపల చూసింటే నీకే తెలిసిండేది."

ఈయనకూ షాపుకూ ఏమైనా సంబంధం ఉందేమోననిపించింది. ఆరో బోల్టు చూపించి, ఇదీ మా బోరు నీళ్లు చేసిందేనా అన్నాను. భాయి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. అది చైనాది కాదు, మన బజార్లో దొరికేదే అన్నాడు. అంటే మాకు అమ్మకముందే ఆ ఇంజనును ఎవరో ఒకసారి విప్పారు. నాకు సంతోషం లాంటిది కలిగింది. నాయన మాత్రం బోల్టు వైపు చూడలేదు. ఇంజను లేవడానికి వారమైనా పడుతుందని భాయి అనగానే, కాలితో మట్టి గీరి తడి ఎంత లోతున ఉందో చూశాడు.

"పొద్దున పోయి ఎద్దుల్ని అడుగు. మాటలు మానింది నువ్వు. నేను అడగను" అన్నాడు.

మూడో రోజు తెల్లవారగానే పక్క చేని ఆయన వాకిట్లో నిలబడ్డాను. పళ్లు తోముకుంటూ నన్ను చూసి కూడా తోముతూనే ఉన్నాడు. ఎద్దులు, విత్తే గొర్రు ఈ రోజుకు కావాలని అడిగాను.

"అడిగే నోరు ఉండాది కదబ్బా. ఆరేండ్లు యాడ పెట్టింటివి?"

ఆయన చెంబు నీళ్లతో నోరు పుక్కిలించి ఊశాడు.

"నిన్నంతా నా ఎద్దులు కొట్టంలో ఊరికే పండుకొనుండె. ఈ పొద్దు మధ్యాహ్నం దాకా వేరేవాళ్లకు మాటిచ్చినా. ఆ పైన తోలుకో."

మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే వరకు నాయన గొర్రు పట్టాడు, నేను విత్తనం పోశాను. రెండెకరాలు అయింది. నాలుగో రోజు మిగిలిన మూడెకరాల్లో గొర్రు దిగలేదు. నాయన గట్టు మీద కూర్చొని, నిన్న కాదు మొన్న పొద్దున్నే అడిగి ఉంటే ఇదంతా అయిపోయేదన్నాడు. షాపాయన సరిగ్గా చెప్పి ఉంటే అసలు అడగాల్సిన అవసరమే ఉండేది కాదన్నాను.

ఆ మూడెకరాల్లో తర్వాత వచ్చిన వానకు ఉలవలు చల్లాం. గింజ పట్టలేదు, పశువుల మేతకు మాత్రం పనికొచ్చేటట్టు పెరిగింది. మాకు పశువులు లేవు. పక్క చేని ఆయన వచ్చి కోసుకుపోతానంటే నాయన సరేనన్నాడు. నన్ను అడగలేదు.