అవ్వ కళ్ళకు సరిపడే చీకటి

2005 జూన్‌లో మా కంపెనీ నన్ను హిందూపురం సర్వీసు సెంటర్‌కు సీనియర్ టెక్నీషియన్‌గా బదిలీ చేసింది. పెనుకొండ, ధర్మవరం కూడా నా పరిధిలోవే. బ్యాటరీతో పనిచేసే వైర్‌లెస్ సెన్సర్లు అప్పుడప్పుడే మా వైపు ఇళ్ళలోకి వస్తున్నాయి. చీకట్లో మనిషి కదిలితే సెన్సర్ పసిగట్టి, బల్బు దగ్గరున్న రిసీవర్‌కు సిగ్నల్ పంపుతుంది. బల్బు వెలుగుతుంది. ఎంత చీకటి పడ్డాక పనిచేయాలో బ్యాటరీ మూత కింది చిన్న స్క్రూ తిప్పి మనమే పెట్టాలి. వెలుతురు ఉండగానే పనిచేసేలా పెడితే సిగ్నళ్ళు ఎక్కువై బ్యాటరీ తొందరగా అయిపోతుంది. అందుకే బాగా చీకటి వైపు పెట్టమని మాన్యువల్ చెప్పేది. మాన్యువల్ మాట జవదాటడని ఆఫీసులో నాకు పేరు. ఆ పేరంటే నాకు కాస్త గర్వం కూడా.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే నారాయణప్ప ఇంట్లో ఒకటి బిగించాను. మగ్గం కింద నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంతలో వాళ్ళమ్మ ఒక సాయంత్రం పడిందట. ఆమె అటు వస్తే లైటు వెలగాలి, అంతే ఆయన కోరిక. పది రోజులకే ఫోను. వాళ్ళమ్మ మళ్ళీ జారిందట, మోకాలు గీసుకుపోయిందట.

"మీ మిషను వెలగనే లేదు సార్" అన్నాడు.

మరుసటి సాయంత్రం వెళ్ళాను. బ్యాటరీ బాగుంది, సిగ్నల్ బాగుంది. పొద్దు వాలుతున్నా గుంత అంచు నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. నా సెట్టింగులో తప్పేమీ లేదని తేల్చుకున్నాను. అయినా నారాయణప్ప టీ తేవడానికి వెళ్ళినప్పుడు, గుంత కనపడతాందా అవ్వా అని అడిగాను.

"కనపడక యాడికి పోతాదప్పా? బాగా కనపడతాండాది."

గుంత పక్కనే ఆమె చుట్టిన ఎర్ర పట్టుదారం కండె ఉంది. అది ఇటివ్వమన్నాను. ఆమె చెయ్యి జానెడు ఇవతల నేలను తడిమింది. నాకు సిగ్గేసింది.

"మా వానికి చెప్పొద్దు నాయనా" అంది మెల్లగా. "కండ్లు మసకని తెలిస్తే నన్ను కండెలు చుట్టనీడు. ఊరికే కూచోని తినలేనప్పా."

స్క్రూను వెలుతురు వైపు బాగా తిప్పి, ఆమెకు గుంత అంచు తెలియని ఆ వెలుతురులోనే బల్బు వెలిగేలా పెట్టాను. నారాయణప్ప రాగానే, బ్యాటరీ ఇక ఏడాది రాదు, మూడు నెలలకే మార్చాలని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నా తర్వాత వచ్చేవాడెవడో మాన్యువల్ చూసి స్క్రూ వెనక్కి తిప్పితే అవ్వ మళ్ళీ గుంతలో పడుతుంది.

"ఇది నా కండ్లకు కాదప్పా, మీ అమ్మ కండ్లకు పెట్టినా" అన్నాను.

అవ్వ ముఖం పక్కకు తిప్పుకుని, "ఇంగ నన్ను కండెలు చుట్టనీవు గదా" అని గొణిగింది. నారాయణప్ప టీ గ్లాసు నా చేతికిచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"కండెలు చుట్టేది చేతులు గదమ్మా. చుట్టుకో, ఎవరొద్దన్యారు? ఆస్పత్రికి మాత్రం పోదాం" అన్నాడు. ఆ మాటతో నా మనసు తేలికపడింది.

శుక్లాల ఆపరేషన్ అయ్యాక అవ్వే నన్ను పిలిపించింది. పొద్దుండంగానే వెలుగుతాండాది, కరెంటు దండగ, తగ్గించమని కోప్పడింది. సంతోషంగా తిట్లు తిని తగ్గించాను.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ ఇంట్లోనూ కనిపిస్తోందా అని అడగలేదు. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళను ఏదైనా వస్తువు అందివ్వమని, వాళ్ళ చెయ్యి ఎక్కడ పడుతుందో చూశాకే స్క్రూ తిప్పేవాణ్ణి.