నైరుతి వాలు

మొన్న మోండా మార్కెట్‌లో ఒక దుకాణం ముందు నా కాళ్లు ఆగిపోయాయి. దుకాణదారు కుంకుడుకాయలు కొట్టి, గిన్నెలో నానబెట్టి, సరుకు మంచిదని చూపించడానికి చేత్తో చిలికి నురగ తెస్తున్నాడు. ఆ ఘాటు వాసనకు ఎవరికైనా చిన్ననాటి తలంటు, కళ్ల మంట గుర్తుకొస్తాయి. నాకు మాత్రం మోకాళ్లు వాటంతటవే కొద్దిగా వంగుతాయి. పాదాల కింద నేల జారడం మొదలుపెట్టినట్టుంటుంది. నేను స్కీయింగ్ నేర్చుకున్నది మంచు మీద కాదు, కుంకుడు నురగ మీద. నేర్పింది సలోమి టీచర్.

ఆవిడ ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. వయసులో ఉండగా ఒక చలికాలం హిమాలయాల్లో శిక్షణకు వెళ్లి స్కీయింగ్ నేర్చుకున్నారట. తిరిగొచ్చాక ఆ ధ్యాస వదల్లేదు. "మంచు మన ఊరు రాదు, దాని ఇష్టం. వాలు మాత్రం మనమే కట్టుకోవచ్చుగా" అనేవారు. కార్ఖానా అనే పేటలో ఆవిడ ఇంటి పక్కన ఖాళీ జాగా ఉండేది. అది మా కాలనీ సంఘం అధ్యక్షుడు నర్సింగరావుగారిది. ఆయన్ను అడిగి, అందులో ఇనుప గొట్టాలతో చట్రం నిలబెట్టి, చెక్కలు పరిచి, వాటి మీద గడప ముందు వేసుకునే ప్లాస్టిక్ పోచల పట్టలు వరసగా బిగించారు. ఆ పట్టలన్నీ మోండా మార్కెట్‌లో కొన్నవే. దుకాణదారుకు అనుమానం వచ్చిందట.

"ఇన్ని పట్టలేం జేస్తవ్ టీచరమ్మా? ఫంక్షన్ హాల్ షురూ జేస్తున్నవా?"

"కాదు నాయనా, కొండ కడుతున్నా."

"కొండనా? మరి మీద దేవుణ్ణి ఎప్పుడు పెడ్తవ్?"

ఆ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

నేను అప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. మా నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని మూఢనమ్మకాలను ఎదిరించే సంస్కరణ సభలకు తీసుకెళ్లిన మనిషి. మా ఇంట్లో అన్నం కంటే ముందు వాదన వడ్డించేవారు. పెద్దయ్యాక నేనూ ఆ సభల్లో మాట్లాడటం, వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. జాతకాలనూ ముహూర్తాలనూ నమ్మేవాళ్లు ఎదురైతే వాళ్లను మాటలతో చిత్తు చేసేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ అహంకారంతోనే, ఇంత చిన్న వాలు దిగడం ఎంత పని అనుకుంటూ ఒక సాయంత్రం స్కీలు కట్టుకున్నాను. కాళ్లకు తగిలించిన ఆ పొడవాటి పలకలు నన్ను అడగకుండానే బయలుదేరాయి. నేను వెల్లకిలా పడ్డాను.

"చైతన్యా, ఎందుకు పడ్డావు?" అన్నారు టీచర్. దెబ్బ తగిలిందా అని కాదు.

"జారింది కాబట్టి!"

"జారడానికేగా ఎక్కావు. భయమేస్తే ఒళ్లు వెనక్కి పోతుంది. వెనక్కి వాలావా, స్కీలు నీ మాట వినవు. పల్లం వైపు వంగు."

"పల్లం వైపు వంగితే ఇంకా ముందు పడతాం కదా టీచర్? ఇదేం తర్కం?"

"నోటితో కాదమ్మా, మోకాళ్లతో వాదించు. వంగి చూడు."

చాలా సాయంత్రాలు పట్టింది. ఒకరోజు నిజంగానే వంగాను. భయపడాల్సిన వైపుకే ఛాతీ వంచేసరికి స్కీలు ఒక్కసారిగా నావైపోయాయి. పోచల మీద సర్రున చప్పుడు, చెంపల మీద తడి గాలి, చీలమండ కాస్త తిప్పితే దారి తిరగడం. నాలుగు ఊపిరుల్లో వాలు అయిపోయింది. కింద నిలబడి, తెలియకుండానే పెద్దగా కేకేశాను. గోడవతల ఎవరో "ఏమైందీ?" అని పరుగెత్తుకొచ్చారు. ఏమైందో వాళ్లకెలా చెప్పను!

కాలనీ పిల్లలు కూడా నాతోపాటు నేర్చుకునేవారు. ప్రతి తరగతికి ముందు టీచర్ రెండు పనులు చేసేవారు. కళ్లు మూసుకుని ప్రార్థన. తర్వాత పైనున్న పట్ట మీద అరచేయి ఆనించి తడి చూడటం. పోచలు తడిగా, జారుగా ఉండాలి, అందుకే కుంకుడు రసం చల్లేవాళ్లం. నేను ఊరుకుంటానా?

"దేవుడి మీద అంత నమ్మకం ఉంటే చెయ్యి పెట్టి చూడ్డమెందుకు టీచర్?"

"నా గుండె దడ తగ్గించమని ఆయన్ను అడుగుతా. తడి చూడ్డానికి నాకు చేతులిచ్చాడుగా, ఆ పనికి కూడా ఆయన్నే పిలిస్తే ఏం మర్యాద?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఇప్పటికీ ఉంది. ఎందుకో ఆవిడతో అనలేదు.

వేసవి మొదట్లో నర్సింగరావుగారి మనవరాలు శ్రావ్య వాలు చివర పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. రెండోరోజే ఆయన వాస్తు పంతుల్ని వెంటబెట్టుకొచ్చారు. పంతులు నాలుగు దిక్కులూ చూసి, ఈశాన్యం ఎత్తుగా ఉండి నైరుతికి వాలింది, పిల్ల బతికి బయటపడటమే గొప్ప అన్నాడు. నర్సింగరావుగారు చెడ్డవారు కాదు, భయపడిన తాత. "టీచరమ్మా, దిక్కన్న మార్చుండ్రి, లేకుంటే తీసెయ్యుండ్రి" అన్నారు. టీచర్ చట్రం విప్పించి ఈశాన్యానికి వాలేటట్టు మళ్లీ కట్టించారు.

నన్ను మండించింది ఆ తర్వాత జరిగింది. పడటాలు నిజంగానే తగ్గాయి! కాలనీ అంతా అదే మాట. పంతులు ఇంకో మూడు ఇళ్ల గోడలు కూలగొట్టించే పనిలో పడ్డాడు. ఒక సాయంత్రం నలుగురిలో నర్సింగరావుగారు "చూసినవా బిడ్డా, శాస్త్రమంటే గిట్లుంటది" అని నవ్వేసరికి నా నోరు ఆగలేదు.

"మళ్లీ నైరుతికే తిప్పించండి. ఆదివారం సరిగ్గా రాహుకాలంలో నేను దిగి చూపిస్తా. పడితే మీ జాగా మీరు తీసేసుకోండి!"

"గట్లనే కానీ. నలుగురు విన్నరు మరి" అన్నారాయన.

టీచర్‌కు తెలిసిన సాయంత్రం ఆవిడ గొంతు మొదటిసారి కఠినమైంది. "నా వాలు నీదా, పందెం కాయడానికి? సరే, ఒకటి చెప్పు. నువ్వు పడితే వాస్తు నిజమైపోతుందా?"

"కాదు."

"మరి పడకుండా దిగితే అబద్ధమెలా అవుతుంది? నీ తర్కం నీకొకటీ వాళ్లకొకటీనా?"

సభల్లో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వాలు దగ్గరకు తీసుకెళ్లారు. "ఇన్నాళ్లూ నేను పైపట్టే తడిమాను, కిందికి పోలేదు. సాయంత్రం ఎండ పడమటి నుంచే కదా కొట్టేది. నైరుతికి వాలినప్పుడు ఆ ఎండకు కింది పట్టలు ఎండిపోయుంటాయి. స్కీ అక్కడ పట్టేసింది, పిల్ల పడింది. ఇప్పుడు వాలు నీడలో ఉంది, తడి ఆరడం లేదు. ఇది నా అనుమానమే, ఆదివారం మళ్లీ అటు తిప్పి చూస్తేగాని తెలియదు. కానీ దిక్కే కాపాడుతోందని వీళ్లు నమ్మితే రేపు తడి ఎవరూ చూడరు. ఇంకో పిల్ల చెయ్యి విరుగుతుంది." నాకు గెలుపు కావాలి. ఆవిడకు పిల్లల చేతులు కావాలి.

ఆదివారం వాలు నైరుతికి తిరిగింది. కాలనీ జనం కుర్చీలు వేసుకుని మరీ కూర్చున్నారు. కట్టుతో శ్రావ్య కూడా వచ్చింది. ఎవరో మహాతల్లి నా స్కీల కింద పెట్టమని నిమ్మకాయలు తెచ్చింది. టీచర్ వాటిని తీసుకుని "షర్బత్ చేస్తానమ్మా, అందరూ తాగొచ్చు" అన్నారు. తర్వాత పైనుంచి కిందిదాకా ప్రతి పట్టనూ తడిపి, అరచేత్తో తడిమి, నాకు తలూపారు.

నేను బయలుదేరాను. సగం దాకా బాగానే ఉంది. అప్పుడు కుర్చీల్లో ముఖాలు కనిపించాయి. పడితే టీచర్ వాలు పోతుందన్న ఆలోచన వచ్చింది. ఒళ్లు వెనక్కి పోయింది. ఆ తర్వాత నాకు ఆకాశం కనబడింది.

"అయిపాయె" అన్నారు నర్సింగరావుగారు, పాపం, సంతోషంగా కూడా కాదు.

టీచర్ నా దగ్గరకొచ్చి అందరికీ వినబడేలా అడిగారు. "ఎందుకు పడ్డావు?"

పట్టలు ఎండాయి అనొచ్చు. ఆ ఒక్క మాటతో పందెం తిరగబడేది, నన్నెవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆవిడ తడి చెయ్యి నా భుజం మీద ఉంది.

"పట్టలు బాగానే ఉన్నాయి టీచర్. నేనే వెనక్కి వాలాను. భయమేసింది."

ఆవిడ ముఖం వెలిగింది. నేను ఎన్నిసార్లు చక్కగా దిగినా ఆ వెలుగు చూడలేదు. నర్సింగరావుగారి వైపు తిరిగారు. "పందెం మీరే గెలిచారు. జాగా ఖాళీ చేస్తా. పోయేముందు ఒక్కటి చూడండి."

రెండు స్కీలను చెక్కతో కలిపి బిగించి, దాని మీద బియ్యం బస్తా కట్టి వదిలారు. బస్తా చివరిదాకా దర్జాగా దిగింది. మళ్లీ వదిలారు, మళ్లీ దిగింది. కింది పట్టలను కడిగి, గుడ్డతో ఒత్తి, ఎండలో ఆరనిచ్చారు. జనం షర్బత్ తాగారు. ఈసారి బస్తా ఆ పట్టల దగ్గరకు రాగానే స్కీలు ఠక్కున ఆగాయి, బస్తా తాడు తెంచుకుని బోర్లా పడింది. మళ్లీ చేసినా అంతే.

"బస్తాకు భయం లేదు, రాహుకాలమూ తెలియదు" అన్నారు టీచర్.

"బస్తాకు జాతకం లేదు గద టీచరమ్మా" అన్నారు నర్సింగరావుగారు. అందరూ నవ్వారు.

శ్రావ్య మాత్రం నవ్వలేదు. "తాతా, నేను పడ్డది గక్కడనే" అంది.

ఆయన నవ్వు ఆగింది. లేచి వెళ్లి వంగి, పై పట్ట మీదా, కింది పట్ట మీదా అరచేయి పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. "జాగా ఏడికి పోదు. రేపే నల్లా పైపు ఏపిస్త, కింది దాక. గని టీచరమ్మా, ఎందుకైనా మంచిది, ఈశాన్యం దిక్కే తిప్పుండ్రి."

నేను నోరు తెరవబోయాను. టీచర్ నా చెయ్యి నొక్కారు. "పైపు వస్తోందిగా చైతన్యా. ఎలాగూ అటే నీడ. నీళ్లకు దిక్కుతో పనిలేదు." ఆ రాజీ నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. కానీ ఆ తర్వాత స్కీలు కట్టుకునే ముందు ప్రతి పిల్లా వాలు పొడవునా అరచేత్తో తడిమి చూడటం నియమమైంది. వాస్తు నమ్మే ఇళ్ల పిల్లలూ తడిమారు. నేను రాసిన ఏ వ్యాసమూ అంత పని చేయలేదు.

ఇప్పుడు ఆ జాగాలో అపార్టుమెంటు లేచింది. టీచర్ లేరు. ఆవిడ బతికుండగానే ఒక చలికాలం నన్ను హిమాలయాలకు తీసుకెళ్లారు. అసలు మంచు ముందు నిలబడగానే ఇద్దరం ఒకేసారి చేతి తొడుగులు తీసి అరచేయి ఆనించాం. పక్కనున్న శిక్షకుడు ఇదేదో దక్షిణాది మొక్కు అనుకున్నాడు.

నేనింకా వాదిస్తూనే ఉన్నాను. మూఢనమ్మకం మీద నా కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. కానీ సభ ముగిసి ఇంటికొచ్చే దారిలో, చప్పట్లు బాగా మోగిన రోజున కూడా, ఆవిడ ప్రశ్న ఎదురొస్తుంది. అవతలివాడి మాటలో నిజం తగిలిన చోట నేనేం చేశాను? ఎందుకు పడ్డావు చైతన్యా? చాలాసార్లు జవాబు ఆ ఆదివారం చెప్పిందే. పట్టలు బాగానే ఉన్నాయి టీచర్. నేనే వెనక్కి వాలాను.